ఢిల్లీలో చీలిక, హైదరాబాదులో గుడారం

స్కౌట్ల పెద్ద శిబిరాలైన జాతీయ జంబోరీల చరిత్ర చెప్పమంటే ఎవరైనా 1953తో మొదలుపెడతారు. లెక్క ప్రకారం సరే. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ తొలి జాతీయ జంబోరీ జరిగింది ఆ ఏడే, మన హైదరాబాదులోనే. ఆ జంబోరీ విలువ తెలియాలంటే మాత్రం ఇంకో పదహారేళ్లు వెనక్కి వెళ్లాలి.

1937 ఫిబ్రవరిలో ఢిల్లీలో అఖిల భారత జంబోరీ పెట్టారు. స్కౌట్ ఉద్యమ స్థాపకుడు బేడెన్ పవెల్ స్వయంగా వచ్చారు. ఆ నెలలోనే ఆయనకు ఎనభై ఏళ్లు నిండాయి. సంబరం ముగిసిందో లేదో, భారతీయుల శీలాన్ని ఆయన తక్కువ చేసి మాట్లాడారన్న వార్త గుప్పుమంది. జాతీయోద్యమం ఉద్ధృతంగా ఉన్న రోజులు, ఎవరు ఊరుకుంటారు? మరుసటి ఏడు హిందుస్తాన్ స్కౌట్ అసోసియేషన్ పేరుతో వేరుకుంపటి వెలిగింది. హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయ్ వంటి పెద్దలు దాని వెనుక నిలబడ్డారు. అంతకు చాలా ముందే, 1916లో, అనీ బిసెంట్ మద్రాసులో భారతీయ బాలలకంటూ ఒక స్కౌట్ సంఘం పెట్టి, టోపీకి బదులు తలపాగా చుట్టించారు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే కదా. ఈ ఉద్యమం ఎవరిదన్న తగువు అప్పటినుంచీ నలుగుతూనే ఉంది.

స్వాతంత్ర్యం వచ్చాక మౌలానా ఆజాద్ విద్యామంత్రిగా ఉన్న రోజుల్లో అందరినీ కూర్చోబెట్టి మాట్లాడారు. 1950 నవంబరు 7న బాలుర సంఘాలు ఒక్కటయ్యాయి. 1951 ఆగస్టు 15న బాలికల సంఘమైన గైడ్స్ వచ్చి కలిసింది. సంతకాలైతే అయ్యాయి. నిన్నటిదాకా ఎదురెదురు జెండాల కింద నిలబడ్డ స్కౌట్ మాస్టర్లు ఒకే మైదానంలో పిల్లల్ని నడిపించగలరా అన్నది తేలాల్సింది గుడారాల దగ్గరే. నా దృష్టిలో హైదరాబాదు జంబోరీ అసలు పని అది. చోటు కూడా తగినదే దొరికింది. హైదరాబాదు సంస్థానాన్ని భారత్‌లో కలిపిన పోలీసు చర్య జరిగి అయిదేళ్లే అయింది. తెలుగు, మరాఠీ, కన్నడ జిల్లాలు, వాటిమీద ఉర్దూ, అన్నీ ఒకే రాష్ట్రంలో సర్దుకుంటున్న కాలం.

జంబోరీ అనగానే పత్రికలు మార్చ్‌పాస్ట్ ఫొటో వేస్తాయి. నన్నడిగితే తెల్లవారుజామున ఒక ప్యాట్రోల్ (స్కౌట్ల చిన్న జట్టు) గుడారం ముందు నిలబడి చూడాలి. ఏడెనిమిది మంది పిల్లలు. ఒకడు గుడారం చుట్టూ నీళ్లు పోయే కాలువ సరిచేస్తుంటాడు. ఇంకొకడు వెదురు ముక్కలతో పళ్ళేల స్టాండు కడుతుంటాడు. కర్రకు క్లోవ్ హిచ్ ముడితో మొదలెట్టి, రెండు కర్రలు కలిసే చోట తాడును మూడు చుట్లు తిప్పి, మధ్యలోంచి బిగించి, మళ్లీ క్లోవ్ హిచ్‌తో ముగించాలి. ఒక్క మేకు కూడా కొట్టకూడదు. తనిఖీకి వచ్చిన స్కౌటర్ ఏమీ మాట్లాడడు. స్టాండును అరచేత్తో ఒకసారి ఊపి చూస్తాడు. కదిలితే మార్కులు పోయినట్టే. ప్యాట్రోల్ లీడర్ ముఖం చూడాలప్పుడు! సాయంత్రం క్యాంప్‌ఫైర్ దగ్గర మాత్రం వాడే పక్క రాష్ట్రం కుర్రాడితో స్కార్ఫ్ మార్చుకుంటూ, వచ్చీరాని హిందీలో బేరమాడుతుంటాడు.

తర్వాత జంబోరీ జైపూర్‌కు, బెంగళూరుకు, అలహాబాదుకు ఇలా ఊరూరా తిరిగింది. 2023 జనవరిలో రాజస్థాన్ పాలీ జిల్లా రోహట్‌లో జరిగిన పద్దెనిమిదో జంబోరీకి 35 వేల పైచిలుకు వచ్చారు. రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము ప్రారంభించారు. సంస్థ వజ్రోత్సవాన 2025 నవంబరులో లక్నోలో పందొమ్మిదోది జరిగింది. ఇంత జనానికి నీళ్లు, మరుగుదొడ్లు, వైద్యం చూడటమంటే ఊరు కట్టడమే, కాదనను. అయితే అంత పెద్ద ఏర్పాటులో ప్యాట్రోల్ సొంత పొయ్యికి చోటు తగ్గిపోతోంది. వేదికలు, అతిథులు, ప్రదర్శనలు పెరిగేకొద్దీ పిల్లవాడు ప్రేక్షకుడవుతాడు. పొయ్యి రాజేసి, అన్నం మాడ్చి, ఆ మాడునే తోటివాళ్లతో కలిసి తినడానికి ఒక్క పూటైనా మిగల్చాలి.

ఇంకో విన్నపం. 1953లో హైదరాబాదు మైదానంలో పన్నెండేళ్ల స్కౌట్‌గా నిలబడ్డవారికి వజ్రోత్సవం నాటికి ఎనభై నాలుగేళ్లు. ఆనాటి స్కార్ఫులు, బ్యాడ్జీలు ఇంకా ఏ ఇనప్పెట్టె అడుగునో ఉంటాయి. జిల్లా సంఘాలు ఈ ఏడే ఆ ఇళ్లకు వెళ్లి, వారు చెప్పేది రికార్డు చేసి, ఫొటోలకు నకళ్లు తీసి పెట్టాలి.