కాఠియావాడు సంస్థానముల కలయిక

గ్రామపెద్దలగు మీకు పొలిమేర తగవులు క్రొత్త గావు. పొలిమేరలే దేశమైన యొక సీమ కథ నేడు మనవి చేయుచున్నాను.

పడమటి సముద్రములోనికి చొచ్చుకొనియున్న కాఠియావాడు ద్వీపకల్పము నేడు గుజరాతు రాష్ట్రమున నొక భాగము. మహాత్మాగాంధి జన్మించిన పోరుబందరు ఆ తీరముననే యున్నది. సుమారు 22,000 చదరపు మైళ్ల యా సీమలో 1947 నాటికి 222 సంస్థానములుండెను. వానిలో ఫిరంగి వందనముల మర్యాద గలవి 14 మాత్రమే. తక్కినవానిలో పెక్కింటిని గ్రామములనుటయే న్యాయము. వెజానొనెస్ అను సంస్థానపు విస్తీర్ణము సుమారు 185 యకరములు, జనసంఖ్య 206, సంవత్సరాదాయము 500 రూపాయలు. మన వైపున నొక మోస్తరు చెఱువు క్రింది ఆయకట్టు అంతకంటె పెద్దది!

చిన్నతనముకంటె చెదరియుండుట మఱింత బాధాకరము. ఒకే ప్రభువు నేల యొకచో నుండెడిది కాదు. సీమ యంతయు సుమారు 860 ముక్కలై యుండెను. ప్రత్తిబండి తోలుకొని సంతకు బోవు రైతునకు త్రోవలో సుంకపు ఠాణాలు. దొంగ పొలిమేర దాటెనా, అచట వేఱు దొరతనము. ఇది చాలదన్నట్లు సీమ ముఖద్వారమైన వీరంగామువద్ద ఆంగ్ల ప్రభుత్వపు ఠాణా యొకటి. 1915లో దక్షిణాఫ్రికానుండి వచ్చిన గాంధీజీకి వఢవాణు స్టేషనులో మోతీలాలను దర్జీ ఈ బాధనే విన్నవించెను. 1917లో ఆ సుంకము తొలగినను 1927లో మరల తలయెత్తినది.

కలుపవలెనను ఆలోచన అంతకు ముందే యొకమారు పుట్టినది. 1943లో ఆంగ్ల ప్రభుత్వము చిన్న సంస్థానములను పొరుగుననున్న పెద్దవానికి తగిలించెను. అది చెల్లదని న్యాయస్థానము తీర్పు చెప్పగా 1944లో పార్లమెంటు చట్టము చేసి మఱీ నిలబెట్టిరి. గ్రామస్థుల నడిగినవారు లేరు. దూడను విప్పి పొరుగువాని గుంజకు గట్టినట్లే యయ్యెను. పెద్ద దొర బలము పెరిగినది. గ్రామస్థునకు దొర మాత్రము మాఱెను.

1948లో జరిగినది వేఱు. సర్దారు వల్లభభాయి పటేలును, ఆయన కార్యదర్శి వి. పి. మేననును చిన్నవానిని పెద్దవాని కప్పగింపలేదు. చిన్న పెద్ద లన్నియు కరగి యొక్కటి కావలెననిరి. ఇందు నిజముగా వదలుకొనవలసినవారు పెద్దవారే. నవానగరు, భావనగరులకు సొంత రేవులు, రైళ్లు కలవు. ఒంటరిగా నిలువగల శక్తి కలదు. ఐనను భావనగరు మహారాజు కృష్ణకుమారసింహుడు ముందుగా ప్రజాప్రభుత్వమున కంగీకరించెను. 1948 జనవరి 15న పటేలు దానిని ప్రారంభించెను. ఆ నెలలోనే ఒడంబడిక కుదిరినది. గాంధీజీ హత్య జరిగిన పదునాఱవ దినమున, ఫిబ్రవరి 15న, జామ్‌నగరులో క్రొత్త రాష్ట్రము వెలసినది. నవానగరు జాంసాహెబు రాజప్రముఖుడు, ఢేబరు ముఖ్యమంత్రి, రాజకోట రాజధాని. పిదప దానికి సౌరాష్ట్రమని పేరిడిరి. జునాగఢము 1949లో చేరినది.

ఆ కృష్ణకుమారసింహుడే 1948లో మద్రాసు గవర్నరై వచ్చి 1952 వఱకు నుండెను. ఆంధ్రమండలములు నాడు మద్రాసులోనివే గనుక ఆయన మనకును గవర్నరే. నాటి కర్నూలు మండలము నడుమనున్న బనగానపల్లె సంస్థానము మద్రాసు రాష్ట్రమున కలిసినదియు ఆ 1948లోనే.

ప్రభువులకు రాజభరణములు నిర్ణయించిరి. అవి 1971లో రద్దయ్యెను. దివాణములు మూతపడగా వాని నాశ్రయించి బ్రతికిన గుమాస్తాలు, సిపాయీలు ఏమైరి? చరిత్రకారులు ప్రభువుల భరణములను లెక్కించినంత శ్రద్ధగా వీరి బ్రతుకుల నరయలేదు.

రైతునకు కలిగిన మేలు 1951లో కనబడినది. గిరాసుదారులను భూస్వాముల క్రింద దున్నుకొనుచున్నవారికి భూమిపై హక్కు కలుగునట్లు సౌరాష్ట్ర శాసనసభ చట్టములు చేసెను. సంస్థానము లన్నియు నట్లే నిలిచియున్నచో ఇట్టి చట్టము 222 దివాణములలో వేర్వేఱుగా పుట్టవలసియుండెడిది. వానిలో పెక్కింట ప్రభువే భూస్వామి!

సౌరాష్ట్రము ప్రత్యేకరాష్ట్రముగా నున్నది తొమ్మిదేండ్లైనను కాదు. 1956 నవంబరు 1న బొంబాయి రాష్ట్రమునను, అది విడిపోయినపుడు 1960 మే 1న గుజరాతునను చేరినది. చిన్న రాజధానులవలెనే రాజకోటయు రాజధాని పదవిని గోల్పోయి జిల్లాకేంద్రముగా మిగిలినది.