కోవిడ్-19 కాలంలో నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్య సందర్శన

నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం ఆంధ్ర ప్రదేశ్‌లోని నల్లమల కొండలలో ఉన్నది. కోవిడ్-19 కారణంగా 2020, 2021 సంవత్సరాలలో ఇక్కడ సందర్శనలు నిలిచిపోయాయి. ప్రజలలో వ్యాధి వ్యాప్తిని అరికట్టడంతో పాటు, మనుషుల నుండి పులులకు అది సోకకుండా చూడడం కూడా ఈ మూసివేత ఉద్దేశము.

ఉనికి, మార్గము

ఈ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. 1983లో ప్రాజెక్ట్ టైగర్ పరిధిలోకి తెచ్చారు. 2014లో రాష్ట్ర విభజన తరువాత కృష్ణా నదికి ఉత్తరాన ఉన్న భాగం తెలంగాణకు చెంది, అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా ఏర్పడినది. మార్కాపురం, గిద్దలూరు అటవీ డివిజన్లు దక్షిణ భాగంలో ఉన్నాయి.

దొనకొండ నుండి వెళ్ళేవారు గుంటూరు–నంద్యాల రైలు మార్గంలో మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగి, బస్సులో దోర్నాల చేరవచ్చును. దోర్నాల–శ్రీశైలం ఘాట్ రోడ్డు అభయారణ్యం గుండా పోతుంది. ఈ దారిలోని తుమ్మలబైలు వద్ద జంగిల్ సఫారీ కలదు. శ్రీశైల మల్లికార్జునుని దర్శనానికి వెళ్ళే భక్తులు కూడా ఈ అడవిని దాటవలసి ఉంటుంది.

2020 మూసివేత

2020 మార్చిలో శ్రీశైలంలో దర్శనాలు నిలిపివేశారు. మార్చి 22న ప్రయాణీకుల రైళ్ళు ఆగిపోయాయి. మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలైనది. ఏప్రిల్ 5న న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జంతు ప్రదర్శనశాలలో ఒక పులికి కరోనా సోకినట్లు వెల్లడైనది. మరునాడే కేంద్ర పర్యావరణ, అటవీ మంత్రిత్వ శాఖ అభయారణ్యాలలో జన సంచారాన్ని నియంత్రించమని రాష్ట్రాలను కోరింది. జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ కూడా అదే రోజు సూచనలు జారీ చేసింది. పులులలో ముక్కు కారడం, దగ్గు, ఆయాసం వంటి లక్షణాలను గమనించాలని, పులులను పట్టుకునే సిబ్బందికి వ్యాధి లేదని నిర్ధారించుకోవాలని అందులో పేర్కొన్నారు.

2021 మూసివేత

రెండవ విడత వ్యాప్తిలో, 2021 మే నెలలో, హైదరాబాదు నెహ్రూ జంతు ప్రదర్శనశాలలోని 8 ఆసియా సింహాలకు వ్యాధి నిర్ధారణ అయినది. జూన్‌లో పులుల అభయారణ్యాలన్నింటిలో పర్యాటకాన్ని ఆపివేయవలసిందిగా ప్రాధికార సంస్థ ఆదేశించింది.

చెంచులు

అడవిలోని గూడేలలో చెంచులు నివసిస్తున్నారు. వీరిలో కొందరు అటవీ శాఖ బేస్ క్యాంపులలో కాపలాదారులుగా పనిచేస్తారు. పర్యాటకులు రాకున్నా అడవి కాపలా ఆపడానికి వీలులేదు. కనుక మూసివేత సందర్శకులకే గాని అడవిలో నివసించేవారికి, కాపలా కాసేవారికి వర్తించలేదు.

సందర్శకులకు సూచన

మహమ్మారితో సంబంధం లేకుండా, వానాకాలంలో జూలై నుండి సెప్టెంబరు వరకు అభయారణ్యంలో పర్యాటకాన్ని నిలిపివేస్తారు. దోర్నాల–శ్రీశైలం రోడ్డుపై రాత్రివేళ వాహనాలను అనుమతించరు.