ఇండో-జర్మన్ చాంబర్ ఆఫ్ కామర్స్

ముంబయి కేంద్రంగా 1956లో ఏర్పడిన వ్యాపార సంఘం. ఇందులో భారత కంపెనీలూ, జర్మన్ కంపెనీలూ సభ్యులు. సుమారు 90 దేశాల్లో పనిచేస్తున్న జర్మన్ విదేశీ వాణిజ్య మండళ్లలో ఇదొకటి.

కొనుగోలుదారును వెతికిపెట్టడం, వాణిజ్య ప్రదర్శనలకు ప్రతినిధి బృందాలను తీసుకెళ్లడం, చట్టాలపై సలహా ఇవ్వడం దీని రోజువారీ పని. పరాయి దేశంలో పేరు తెలియని చిన్న కంపెనీకి ఇలాంటి పరిచయమే పెద్ద అండ.

అంతకన్నా విలువైనది చదువుకు చేస్తున్న మేలు. జర్మనీలో 1969 నాటి వృత్తి శిక్షణ చట్టం ప్రకారం పరిశ్రమల్లో అప్రెంటిస్ ఒప్పందాల నమోదు, పరీక్షల నిర్వహణ వాణిజ్య మండళ్ల బాధ్యత. శిక్షణార్థి వారంలో మూడు నాలుగు రోజులు కంపెనీలో యంత్రం దగ్గర నిలబడి పని నేర్చుకుంటాడు, మిగతా రోజులు వృత్తి విద్యాలయానికి వెళ్తాడు. కంపెనీ నెలనెలా భత్యం ఇస్తుంది. చేతికి పని, బుర్రకు పాఠం, జేబుకు డబ్బు ఒకేసారి అందుతాయి.

ఈ జోడు పద్ధతినే చాంబర్ మన దేశానికి తెచ్చింది. ముంబయిలో 1991లో మొదలైన ఇండో-జర్మన్ శిక్షణ కేంద్రంలో వ్యాపార నిర్వహణ విద్యార్థులు కొంతకాలం తరగతిలో, కొంతకాలం కంపెనీల్లో నేర్చుకుంటారు.

పట్టా పుచ్చుకున్నాక పని నేర్చుకునే మన ఇంజినీరింగ్ విద్యార్థుల కోసం తెలుగు రాష్ట్రాల వాణిజ్య సంఘాలు కూడా ఇలాంటి బాధ్యత తలకెత్తుకోవాలి.