తెర ప్రక్కన నిలిచిన హాస్యగాడు

తోలుబొమ్మలాట చూచిన వారికి కేతిగాడు క్రొత్తవాడు కాడు. తెరపై రామరావణ యుద్ధము ఎంత ఘోరముగా సాగుచున్నను, నడుమ కేతిగాడు ప్రవేశించి బంగారక్కతో నాలుగు మాటలాడునప్పటికి పిల్లలును పెద్దలును పొట్ట చెక్కలగునట్లు నవ్వుదురు. బొమ్మ తోలుది, నవ్వించునది తెర వెనుక నున్న మనుష్యుని గొంతు. చలనచిత్రములు మూగవై యున్న దినములలో జపాను దేశమున ఒక తెగ కళాకారులు ఇట్టి గొంతునే నమ్ముకొని ముప్పది యేండ్లకు పైగా జీవించిరి. వారిని బెన్షీలు అనెడివారు. అందును హాస్యచిత్రములకు వ్యాఖ్యానము చెప్పి, తుదకు చిత్రము లేకయే నవ్వింప నేర్చిన వారి కథ రేడియో శ్రోతలు వినదగినది. దానిని ఇచట మనవి చేయదలచితిమి.

1896 నవంబరులో కోబే నగరమున ఎడిసను యంత్రమగు కినెటోస్కోపు ప్రదర్శింపబడెను. అది ఒక్కొక్కరుగా కన్ను ఆనించి చూడవలసిన పెట్టె. 1897 ఫిబ్రవరిలో ఒసాకా నగరమునకు లూమియేరు సోదరుల సినిమాటోగ్రాఫు వచ్చెను; దానితో అందరును కలసి కూర్చుండి తెరపై బొమ్మలను చూచు భాగ్యము కలిగెను. అయితే ఆనాటి చిత్రము ఒక్కొక్కటి నిమిషము పాటైనను సాగెడిది కాదు. టిక్కెట్టు కొని వచ్చిన జనమునకు అంతలోనే దీపము వెలిగించి, ఆట ముగిసినది, పొండని చెప్పుట ఎట్లు? కావున ఫిల్ము కొనలు రెండును కలిపి అతికించి, అదే చిత్రమును మరల మరల త్రిప్పెడివారు. అంతకు ముందుగా ఒక పెద్దమనిషి వేదిక నెక్కి, ఆ యంత్రము ఎట్లు పనిచేయునో, చూపబోవు దేశము ఎట్టిదో వివరించెడివాడు. బెన్షీ పుట్టుక ఇదియే.

ఆ తొలితరము వారిలో కొమాడా కోయో అను నతడు ఊరూర తిరిగి చిత్రములు చూపెను. 'మిక్కిలి అత్యంతము' అన్నట్లు, ఒక్క అర్థమే గల రెండు మాటలను గుదిగ్రుచ్చిన పదబంధ మొకటి మాటిమాటికి అతని నోట వచ్చెడిది. జనులు దానికి నవ్విరి. తుదకు అదియే అతనికి బిరుదైనది.

తెర ప్రక్క నిలిచి చెప్పువారు ఇతర దేశములందును తొలిదినములలో ఉండిరి. చిత్రముల నడుమ అక్షరములతో గూడిన శీర్షికలు వచ్చుటతో వారి అవసరము క్రమముగా తీరిపోయెను. జపానులో మాత్రము అట్లు కాలేదు. బున్‌రాకు అను బొమ్మలాటలో బొమ్మలు వేదికపై ఆడుచుండగా ప్రక్కన కూర్చున్న గాయకుడు పాత్రలన్నిటికిని తానే గొంతు నిచ్చును. రాకుగో అను కథాకళలో ఒక్క మనిషి మెత్తపై కూర్చుండి, విసనకఱ్ఱ ఒకటి చేతబట్టి, పదిమందిగా మాటలాడి నవ్వించును. ఇట్టి సంప్రదాయము గల జనులకు బొమ్మ ఒకచోట, గొంతు వేరొకచోట ఉండుట వింతగా తోచలేదు. లేకున్ననే వెలితిగా తోచెను.

టోక్యో నగరమున అసకుసా వినోదములకు పేరుబడిన పేట. 1903లో జపానులోని మొదటి శాశ్వత సినిమాహాలు, డెన్కికాన్, అచటనే వెలసెను. తరువాతి యేండ్లలో అట్టి హాలునకు వెళ్లినవారు కనెడి దృశ్య మిది. తెరకు ఒక ప్రక్కగా చిన్న బల్ల, దానిపై నీడ వేసిన దీపము, దాని చెంత బెన్షీ, క్రింద వాద్యగాండ్రు. ఒక్క రాత్రి ప్రదర్శనలో అనేక చిత్రములు ఉండెడివి. పెద్ద కథాచిత్రము ప్రధాన బెన్షీ వంతు. దానికి ముందు చూపు చిన్న హాస్యచిత్రములు సాధారణముగా క్రొత్తవారి వంతు. పేరుకు అది చిన్న పని. కాని కథాచిత్రమున ఒక మాట తడబడినను కన్నీరు ఆగదు. హాస్యమున ఒక్క క్షణము తప్పినను నవ్వు పుట్టదు. తెరపై మనిషి జారిపడక ముందే మాట అనినచో గుట్టు బయటపడును; పడిన తరువాత అనినచో జనుల నవ్వులో మాట మునిగిపోవును.

ఈ చిన్న చిత్రములలో అధికభాగము అమెరికా నుండి వచ్చినవి. 1914లో కీస్టోను సంస్థ చిత్రములలో నటింపసాగిన చార్లీ చాప్లిను త్రాగుబోతు వేషములతో ప్రసిద్ధు డగుటచే, జపానువారు అతనికి 'ఆల్కహాలు మాస్టారు' అని పేరు పెట్టిరి. లండను వీధులలో పెరిగిన నటుడు, కాలిఫోర్నియాలో తీసిన చిత్రము, జపానులో పుట్టిన ముద్దుపేరు! నవ్వునకు పాస్‌పోర్టు అక్కరలేదందురు. కాని దానిని స్థానిక భాషలో పరిచయము చేయువాడు ఒకడు కావలెను గదా.

అట్టివారిలో ఓత్సుజి షిరో హాస్యచిత్రములకే పేరుబడెను. సముద్రమునకు దగ్గరగా నున్న సముద్రతీరమనియు, జారు కన్నీటిని చంకన బెట్టుకొని పోయెననియు, గంభీరవదనముతో అర్థము లేని మాటలు పలుకుట అతని పద్ధతి. చిత్రమును వివరించుటకు నిలిచినవాడు వివరణమునే వేళాకోళము చేసెను. జనులు తెరను ఒక కంటను, అతనిని ఒక కంటను చూడసాగిరి.

అతని సహచరుడు టొకుగావా ముసేయి వేరొక తీరువాడు. 1894లో జన్మించిన ముసేయి మాటలను పొదుపుగా వాడి, మౌనమును ధారాళముగా వాడెను. 'ముసేయి' అనగా స్వప్నస్వరము. అదే ఉచ్చారణతో వేరు లిపిలో వ్రాసినచో నిశ్శబ్దమని అర్థము. మూగచిత్రముల వ్యాఖ్యాతకు ఇంతకంటె తగిన పేరు దొరకునా?

ఈ వృత్తి ఎంత పెరిగినదనగా, 1917లో టోక్యో పోలీసుశాఖ బెన్షీలకు లైసెన్సు నిర్బంధము చేసెను. 1927 నాటికి దేశమున 6,818 మంది బెన్షీలు ఉండిరనియు, అందు 180 మంది స్త్రీలనియు లెక్క కలదు. అందరును వీరిని మెచ్చిరని చెప్పలేము. చిత్రము తన కథను తానే చెప్పుకొనవలెననియు, ప్రక్కవాని మాట దాని ఎదుగుదలకు అడ్డమనియు 1910ల నుండియే విమర్శకులు వాదించిరి. ఆ వాదమున సత్యము లేకపోలేదు. కాని హాలులోని జనము బెన్షీ పేరు చూచియే టిక్కెట్టు కొనెడిది.

1923 సెప్టెంబరు 1వ తేదీని సంభవించిన మహాభూకంపమున టోక్యో నగరము దగ్ధమై, సినిమాహాళ్లు కూలిపోయెను. ఆ తరువాతి కాలమున ఓత్సుజి తెర లేకయే వేదిక నెక్కి మాటలాడసాగెను. అల్లిబిల్లి గీతల బొమ్మలకు 'మాంగా' అను పేరున్నట్లు, అల్లిబిల్లి మాటలకు 'మాన్‌దాన్' అని పేరు పెట్టెను. చేత విసనకఱ్ఱ లేదు, కథ లేదు, ప్రక్కన బొమ్మ లేదు. ఒక్క మనిషి, నిలుచున్న చోటు, నోటి మాట. నేడు ఆంగ్లమున స్టాండప్ కామెడీ అనబడు దానికి ఇది జపాను రూపము.

అంతలో మాటలాడు చిత్రములు వచ్చిపడెను. 1931 ఫిబ్రవరిలో 'మొరాకో' అను అమెరికా చిత్రము జపాను అక్షరములను తెరపైననే ముద్రించుకొని వచ్చెను. ఆ ఆగస్టులో జపానువారి మొదటి పూర్తి శబ్దచిత్రము విడుదలయ్యెను. అది హాస్యచిత్ర మగుట విధి చేసిన పరిహాసము. 1932లో బెన్షీలు సమ్మె చేసిరి. సమ్మెకు నాయకత్వము వహించిన వారిలో సుదా తేయిమేయి అను బెన్షీ ఒకడు. అతడు పిమ్మట జగద్విఖ్యాతుడైన దర్శకుడు అకిరా కురొసావాకు అన్న. సమ్మె ఫలింపలేదు. 1933లో ఆ అన్న తన ప్రాణమును తానే తీసికొనెను. వేలమందిని నవ్వించి యేడిపించిన గొంతులు ఒక్కొక్కటిగా మూగవోయెను. బొమ్మకు మాట వచ్చిన దినమున మనిషికి మాట పోయినది.

అందరికిని ఒకే గతి పట్టలేదు. ఆ 1933లోనే ముసేయి, ఓత్సుజి మున్నగువారు అసకుసాలో 'నవ్వుల రాజ్యము' అను నాటకసమాజమును నెలకొల్పిరి. ఓత్సుజి 1952 ఏప్రిలులో విమాన ప్రమాదమున మరణించెను. ముసేయి 1939 నుండి జపాను రేడియోలో 'మియమోతో ముసాషి' నవలను చదివి వినిపించి ఇంటింటి మనిషి యయ్యెను. మాటకు మాటకు నడుమ అతడు విడుచు విరామమునకై శ్రోతలు ఊపిరి బిగబట్టి కాచుకొనెడివారు. సంభాషణకళపై అతడు 1947లో వెలువరించిన గ్రంథము ప్రసిద్ధము. 1971లో అతడు కన్నుమూసెను.

మనవైపున 1910లో రఘుపతి వెంకయ్య క్రోనోమెగాఫోను యంత్రమును తెప్పించి, చిన్న చిత్రములను చూపుచు ఊళ్లు తిరిగెను. మూకీల కాలమున మన హాళ్లలోను తెర ప్రక్క నిలిచి కథ చెప్పువారు ఉండిరి. వారి పేర్లు చరిత్రకెక్కలేదు. జపానులో నేటికిని కొలదిమంది బెన్షీలు పాత చిత్రములకు ప్రాణము పోయుచున్నారు; మనకు ఆ గొంతులు మిగులలేదు.

చిత్రము నశించినను గొంతు నిలుచునా అని ప్రశ్నించువారికి బెన్షీల చరిత్ర ఇచ్చు సమాధాన మొక్కటే. బొమ్మను ఆశ్రయించి మాత్రమే బ్రతికిన మాట బొమ్మతో పోయెను. తన కాళ్లపై తాను నిలువ నేర్చిన మాట రేడియోపెట్టెలో చేరి, చీకటిగదిలో కన్నులు మూసికొన్న శ్రోత ఎదుట వేయి బొమ్మలను ఆడించెను.