ముస్సోరీ సావోయ్ హోటల్: దెయ్యం కథ, చరిత్ర

సివిల్స్ రాసేవాళ్లకు ముస్సోరీ అంటే అకాడమీయే. 1959లో ఆ అకాడమీని నెలకొల్పింది షార్ల్‌విల్ అనే పాత హోటల్ ఆవరణలోనే. అదే ఊళ్లో సావోయ్ అని మరో హోటల్ ఉంది. డెహ్రాడూన్‌కు రైలు వచ్చిన రెండేళ్లకు, 1902లో ప్రారంభమైంది.

దాని పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది దెయ్యం. ఆత్మలతో మాట్లాడవచ్చని నమ్మే ఫ్రాన్సిస్ గార్నెట్-ఆర్మ్ అనే ఆంగ్లేయురాలు 1911లో అక్కడ విషప్రయోగంతో చనిపోయింది. ఆమె స్నేహితురాలిపై అలహాబాద్‌లో విచారణ జరిగింది, నిర్దోషిగా తేలింది. హంతకులెవరో తేలలేదు కాబట్టి ఆమె ఆత్మ వరండాల్లో తిరుగుతోందని కథ. అగాథా క్రిస్టీ 1920 నాటి తొలి నవలకు ఈ కేసే ప్రేరణ అని కూడా అంటారు. తేలని కేసులోంచి దెయ్యం పుట్టడం మామూలే.

మనం చదవాల్సిన కథ మాత్రం వేరే. 1919లో మూడో ఆంగ్లో-అఫ్గాన్ యుద్ధం, అదే ఆగస్టులో రావల్పిండి ఒప్పందం. మిగిలిన విషయాల మీద 1920లో ముస్సోరీలో చర్చలు నడిచాయి. అఫ్గాన్ బృందానికి నాయకుడు మహమూద్ తార్జీ, అమీర్ అమానుల్లాకు మామగారు. ఆ బృందం బస సావోయ్‌లోనే. తల్లికీ భార్య కమలకూ ఒంట్లో బాగాలేక జవహర్‌లాల్ నెహ్రూ కూడా వాళ్లను తీసుకొచ్చి అక్కడే దిగారు. అఫ్గాన్లతో ఆయన ఒక్క మాటా మాట్లాడలేదు. అయినా, వాళ్లను కలవనని హామీ ఇవ్వమని పోలీసులు అడిగారు. కలిసే ఉద్దేశం లేకపోయినా, హామీ ఇవ్వడానికి ఆయన ఒప్పుకోలేదు. దాంతో 24 గంటల్లో జిల్లా విడిచి వెళ్లాలని ఉత్తర్వు వచ్చింది. నెహ్రూ అలహాబాద్ వెళ్లిపోయారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, జూన్ మొదట్లో, ప్రతాప్‌గఢ్ నుంచి సుమారు 200 మంది రైతులు యాభై మైళ్లు నడిచి అలహాబాద్ వచ్చారు. వాళ్ల నాయకుడు బాబా రామచంద్ర, ఒకప్పుడు ఫిజీలో ఒప్పంద కూలీ. తాలూక్‌దార్ల బేదఖలీలు, అక్రమ వసూళ్లు ఒకసారి వచ్చి చూడమని పట్టుబట్టారు. నెహ్రూ వాళ్ల వెంట పల్లెలకు వెళ్లారు. అప్పటిదాకా ఆయనకు రైతుల బతుకు దాదాపు తెలియదు. ఈ సంగతి ఆత్మకథలో ఆయనే రాసుకున్నారు. అవధ్ కిసాన్ సభ ఏర్పడింది అదే అక్టోబరులో. మెయిన్స్‌లో రైతు ఉద్యమాల మీద ప్రశ్న వస్తే ఈ క్రమం గుర్తుంచుకోండి.

మోతీలాల్ జోక్యంతో బహిష్కరణ ఉత్తర్వును తర్వాత ఎత్తేశారు. ఈలోగా పత్రికల్లో సంగతి చదివిన అఫ్గాన్లు, నెహ్రూ తల్లిగారికి రోజూ ఒక బుట్టెడు పళ్లూ పూలూ పంపుతూ వచ్చారట.