ఇమ్రోజ్ అంటే ఇవాళ

మనిషి పోయాక మిగిలేవి మూడేనని మా ఇళ్లలో పెద్దవాళ్లు హదీసు చెప్తారు. సాగుతూ ఉండే దానం, పనికొచ్చే ఇల్మ్, దువా చేసే బిడ్డ. బావి తవ్వించినవాడి పుణ్యం అందులో నీళ్లున్నన్నాళ్లూ ఆగదట. బాగానే ఉంది. మరి పత్రిక నడిపినవాడి సంగతేమిటి? అతను రాసిన లిపిని అతని వాళ్లే చదవలేకపోతే ఆ ఇల్మ్ ఎవరి ఖాతాలోకి పోవాలి?

షోయబుల్లా ఖాన్ గురించే అడుగుతున్నాను. 1920లో మహబూబాబాద్ దగ్గర సుబ్రవేడులో పుట్టాడు. ఉస్మానియాలో బి.ఏ. చదివాడు. ఆ చదువుతో సర్కారీ నౌకరీ చూసుకోకుండా పత్రికల్లోకి వచ్చాడు. మందుముల నరసింగరావు ‘రయ్యత్’లో పనిచేశాడు. సర్కారు దాన్ని మూయించాక బూర్గుల రామకృష్ణారావు వంటివాళ్ల అండతో 1947 నవంబర్‌లో ‘ఇమ్రోజ్’ పెట్టాడు. ఉర్దూ దినపత్రిక. హైదరాబాద్ యూనియన్‌లో కలవాలనీ, రజాకార్ల దౌర్జన్యం ఆగాలనీ రాశాడు. పగలు ఒక ప్రభుత్వం, రాత్రి ఒక ప్రభుత్వం నడుస్తున్నాయని ఎత్తిపొడిచాడు. యూనియన్‌లో కలవమని కొందరు ముస్లిం ప్రముఖులు నిజాంకు చేసిన విజ్ఞప్తిని 1948 ఆగస్టులో అచ్చువేశాడు. ఆ నెల 21వ తేదీ రాత్రి ఇంటికి పోతుంటే లింగంపల్లి చౌరస్తా దగ్గర కాల్చి, చెయ్యి నరికారు. వెంట ఉన్న బావమరిది చెయ్యి కూడా నరికారు. తెల్లవారేసరికి షోయబ్ ప్రాణం పోయింది. అతనికి అప్పుడు 27 ఏళ్లు. పత్రికకు తొమ్మిది నెలలు.

అతను ఉర్దూలో రాశాడన్నది ఊరికే చెప్పే వివరం కాదు. ఆనాడు చదువుకున్న హిందువులూ ఉర్దూ చదివేవాళ్లే, నిజమే. అయినా అతని పోట్లాట ముఖ్యంగా తన వాళ్లతో. మన పేరు చెప్పి మనల్ని ఎక్కడికి తీసుకుపోతున్నారని ఖౌమ్ లోపల నిలబడి అడగడం. చచ్చేదాకా చేసిన పని అదే.

ఆ పనిని మనం ఏం చేశాం?

తెలుగులో అతన్ని సర్టిఫికెట్టు చేశారు. ఏటా సెప్టెంబర్ 17 రాగానే విమోచనమా, విలీనమా, విద్రోహమా అని కొట్లాట. అందులో ఎవరో ఒకరు షోయబుల్లా ఫొటో బయటికి తీస్తారు. ‘చూడండి, ఈయన మంచి ముస్లిం’ అంటారు. అంటే మిగతావాళ్ల సంగతి చెప్పకనే చెప్పినట్టు. ఒక్కణ్ణి పొగడటానికి లక్షలమందిని బోనులో నిలబెట్టే ఈ విద్యలో మావాళ్లు అనుకున్న అభ్యుదయవాదులు కూడా కొందరు ఆరితేరారు.

ఉర్దూలో అతన్ని మౌనంలో పెట్టారు. దానికి కారణముంది. అతను చనిపోయిన మూడు వారాలకు, సెప్టెంబర్ 13న, సైన్యం వచ్చింది. అయిదు రోజుల్లో అంతా అయిపోయింది. ఆ తర్వాత ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింల ఊచకోత జరిగింది. ఎంత తగ్గించి చెప్పినా 27 వేల నుంచి 40 వేలమంది చనిపోయారని నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ లెక్క వేసింది. ఆ నివేదిక అందరూ చూసే వీలు 2013లో గానీ రాలేదు. తండ్రిని, తమ్ముణ్ణి పోగొట్టుకున్న ఇంట్లో యూనియన్‌లో కలవమన్నవాడి పేరు ఎలా వినిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆ మౌనం తప్పే. అది ఎక్కడినుంచి వచ్చిందో తెలియనట్టు మాట్లాడటం అంతకన్నా పెద్ద తప్పు. ఆ వేలమందికి ఫొటోలు లేవు, పేర్లు లేవు, వర్ధంతులు లేవు.

వాళ్లందరికన్నా గట్టి వారసత్వం వదిలినవాడు ఖాసిం రజ్వీ. జైలు నుంచి 1957లో విడుదలై పాకిస్తాన్ పోయాడు. 1970లో కరాచీలో చనిపోయాడు. తను పోయాడు గానీ మాట ఇక్కడే వదిలేసి పోయాడు. రజాకార్ అంటే స్వచ్ఛంద సేవకుడు అని అర్థం. తెలుగులో ఇప్పుడది తిట్టు. రజ్వీ మొహం చూడని దూదేకుల పిల్లవాడికీ, వాడి తాత పుట్టకముందు జరిగినదానికీ కలిపి ఆ బిరుదు ఇనాముగా దక్కుతోంది.

షేక్ బందగీ కథ ఇలా కాలేదు. జనగామ దగ్గర కామారెడ్డిగూడెం రైతు. తన భూమి కోసం కోర్టులో పోరాడి గెలిచాడు. 1940లో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు చంపేశారు. అతని కథ ప్రేరణగా సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో ‘మా భూమి’ నాటకం రాశారు. ఊరూరా ఆడారు. చూసినవాళ్లు ఇతను మంచి ముస్లిమా, కాదా అని అడగలేదు. భూమి వాళ్లక్కూడా పోయింది గనక అతను వాళ్లవాడయ్యాడు. పటం కట్టి దండ వేయడానికి కాదు, తమ గొడవ చెప్పుకోడానికి కావలసివచ్చాడు.

షోయబుల్లా గొడవ కూడా తీరలేదు. ఇమ్రోజ్ అంటే ఇవాళ. తన వాళ్ల నాయకుణ్ణి నిలదీస్తే శత్రువులకు మేత వేసినట్టవుతుందని భయం, నిలదీయకపోతే వాడే ఖౌమ్ అయిపోతాడని భయం. ఈ రెండిటి మధ్య ఉర్దూలోనూ తెలుగులోనూ కలం పట్టుకున్న ప్రతివాడూ ఇవాళ్టికీ నలుగుతున్నాడు. ఆయన పేరు తెలిసిన తెలుగు ముస్లిం పిల్లల్లో ఆయన సంపాదకీయం ఒక్కటైనా చదివినవాళ్లు ఎంతమంది? ఆ లిపి వాళ్లకు రాదు. వచ్చినవాళ్లం మేం కొద్దిమందిమి. దొరికిన సంచికలు దొరికినట్టు తెలుగులోకి తేవాలి. మనకు నచ్చేవీ, మనల్ని గుచ్చేవీ, ఏరకుండా.