'టెల్' అంటే చెప్పడమేనా?

చెన్నైలో తరతరాలుగా ఉంటున్న మన తెలుగిళ్లలో పిల్లలకు బడిలో ఇంగ్లీషు, తమిళం, ఇంట్లో తెలుగు. ఈ మూడూ కలిసేచోట వాళ్లు తరచు తడబడే ఇంగ్లీషు క్రియ 'టెల్'. దాని అర్థాలు, పుట్టుక చూద్దాం.

అర్థాలు: ఒకరికి ఒక సంగతి తెలియజేయడం 'టెల్'. కూర్చోమని 'టెల్' చేస్తే అది ఆజ్ఞ. కవలల్లో ఎవరెవరో 'టెల్' చేయలేకపోతే, పోల్చుకోలేకపోవడం. వయసు ఒంటిమీద 'టెల్' చేస్తోందంటే, దాని ప్రభావం కనబడుతోందని.

'టెల్', 'సే' రెండింటికీ మనకు 'చెప్పు' ఒక్కటే. పాఠం చెప్పడమైతే 'టీచ్' కూడా అదే. పైగా మనం 'నాకు చెప్పాడు' అంటాం కాబట్టి పిల్లలు 'టోల్డ్ టు మీ' అని రాసేస్తారు. 'టెల్' పక్కన వినేవారు నేరుగా రావాలి: 'టోల్డ్ మీ'. 'సే' అయితేనే 'సెడ్ టు మీ'.

పుట్టుక: పాత ఇంగ్లీషులో ఇది 'టెల్లన్'. లెక్కపెట్టడం, వరసగా వివరించడం రెండూ దాని అర్థాలే. జర్మన్‌లో నేటికీ 'త్సేలెన్' అంటే లెక్కపెట్టడం, 'ఎర్‌త్సేలెన్' అంటే కథ చెప్పడం. బ్యాంకులో డబ్బు లెక్కపెట్టి ఇచ్చేవారు 'టెల్లర్' అయింది అందుకే. బ్రిటన్ కామన్స్ సభలో ఓట్లు లెక్కించే సభ్యులనూ టెల్లర్లనే అంటారు. 'అన్‌టోల్డ్ వెల్త్' అంటే లెక్కలేనంత సంపద.

లెక్క నుంచి మరో అర్థం పుట్టడం మన భాషల్లోనూ ఉంది. తమిళంలో 'ఎణ్ణు' అంటే లెక్కించు, తలచు కూడా. తెలుగులో 'ఎన్ను' అంటే లెక్కించు. దానినుంచే 'ఎన్నుకొను', 'ఎన్నిక' వచ్చాయి.

మరి మన 'చెప్పు'? అదీ ఈ ఊరికి పరాయి మాట కాదు. వాడుక తమిళంలో 'సొల్లు' అన్నా, గ్రంథ భాషలో 'సెప్పు' ఉంది. తొల్కాప్పియంలో 'సెప్పు' అంటే జవాబు. తెలుగు, తమిళం, కన్నడం ఒకే కుటుంబమని ధాతువులను పోల్చి చూపిన ఎల్లిస్ వ్యాసం, ఈ చెన్నపట్నంలోనే సెయింట్ జార్జి కోట కళాశాల ప్రచురించిన క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణంలో 1816లో వచ్చింది. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు కూడా 1852లో ఇక్కడే అచ్చయింది.

బస్సులో తెలుగు మాట్లాడటానికి మన పిల్లలు జంకుతారు. ఊరికి వెళితే, మనది తమిళం కలిసిన తెలుగని చుట్టాలు నవ్వుతారు. రెండు భాషలకూ ఉమ్మడి ఆస్తి ఉందని తెలిస్తే రెండుచోట్లా తల దించుకోనక్కరలేదు. ఈసారి ఇంగ్లీషు హోంవర్కులో 'టెల్' వస్తే, పక్కనే 'చెప్పు', 'సెప్పు' రాసి చూపిద్దాం. 'చెప్పు'ను తెలుగు లిపిలోనే రాయిద్దాం.